గడప దగ్గర పోలీసు: ఉస్మానియా వసతిగృహాలు, పోలీసు వ్యవస్థ – ఒక విశ్వాస చరిత్ర (1938–2025)

వ్యాససంగ్రహం

విశ్వవిద్యాలయ వసతిగృహాల్లో ఉండే విద్యార్థులకూ పోలీసులకూ మధ్య నెలకొన్న అవిశ్వాసాన్ని సాధారణంగా శాంతిభద్రతల సమస్యగానో, యువకుల ఆవేశంగానో పరిగణిస్తారు. దానికి సంస్థాగతమైన మూలాలు ఉన్నాయని ఉస్మానియా విశ్వవిద్యాలయ చరిత్ర సూచిస్తుంది. 1938 వందేమాతర ఉద్యమం, 1952 ముల్కీ ఆందోళన, 1969 తెలంగాణ ఉద్యమం, 1972 జార్జిరెడ్డి హత్య, 2009–10 నాటి ఉద్యమం, హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయంలో 2016, 2025 ఘటనలు – వీటిని వరుసగా పరిశీలించి, విద్యార్థికీ పోలీసుకూ నడుమ నిలవవలసిన విశ్వవిద్యాలయ యంత్రాంగం పక్కకు తప్పుకున్న ప్రతిసారీ హాస్టలు గడప ఘర్షణ స్థలంగా మారిందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. జూబిలీహిల్స్, ఫిల్మ్‌నగర్ కేంద్రంగా ఎదిగిన తెలుగు సినిమా ఈ సంబంధాన్ని ప్రజల ఊహలో ఎలా స్థిరపరచిందో కూడా ఇందులో చర్చకు వస్తుంది.

కీలకపదాలు: ఉస్మానియా విశ్వవిద్యాలయం, వసతిగృహం, పోలీసు వ్యవస్థ, విద్యార్థి ఉద్యమాలు, విచారణ సంఘాలు, తెలుగు సినిమా, జూబిలీహిల్స్.

1. ఉపోద్ఘాతం

హైదరాబాదులో ఉస్మానియా విశ్వవిద్యాలయం పేరుతోనే ఒక పోలీసు స్టేషను ఉంది. నగరవాసులు దాన్ని ‘ఓయూ పీఎస్’ అంటారు. పేరు విశ్వవిద్యాలయానిదే అయినా, ఆ స్టేషను జవాబు చెప్పేది ఉపకులపతికి కాదు, నగర పోలీసు కమిషనరుకు. అమెరికాలోని అనేక విశ్వవిద్యాలయాలకు సొంత పోలీసు విభాగాలు ఉన్నాయి. అక్కడి పోలీసు అధికారి విశ్వవిద్యాలయ ఉద్యోగి. మన దేశంలో అటువంటి ఏర్పాటు లేదు. విశ్వవిద్యాలయం నియమించుకునే భద్రతా సిబ్బందికి పోలీసు అధికారాలు ఉండవు. అధికారాలున్న పోలీసులకు విశ్వవిద్యాలయంతో ఉద్యోగ సంబంధం ఉండదు. విద్యార్థికీ పోలీసుకూ మధ్య విశ్వాసం గురించి తెలుగు నేలపై ఏ చర్చ జరిగినా ఈ ఖాళీని గుర్తించకుండా ముందుకు సాగదు.

ఈ ఖాళీని పూడ్చే బాధ్యత సంప్రదాయంగా వార్డెను, చీఫ్ వార్డెను, రిజిస్ట్రారు, ఉపకులపతి అనే నాలుగు అంచెల మీద ఉంటూ వచ్చింది. పోలీసులు ప్రాంగణంలోకి రావాలంటే ఉపకులపతి అనుమతి కావాలన్న భావన విద్యార్థుల్లోనూ అధ్యాపకుల్లోనూ బలంగా ఉంది. అయితే అది సంప్రదాయమే గాని, కేంద్ర చట్టమేదీ దాన్ని తప్పనిసరి చేయలేదు. కాబట్టి ఆ సంప్రదాయాన్ని ఎవరు, ఎప్పుడు నిలబెట్టారు, ఎప్పుడు వదిలేశారు అన్నదే విశ్వాస చరిత్రకు అసలు ఆధారం.

2. వసతిగృహం – ఇల్లా, సంస్థ ఆస్తా?

ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో ఏర్పడింది. అద్దె భవనాల్లో తరగతులు మొదలుపెట్టి, తరువాత అడిక్‌మెట్ ప్రాంతపు విశాల ప్రాంగణానికి తరలింది. ఆర్ట్స్ కళాశాల భవనాన్ని 1939 డిసెంబరు 4న ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ ప్రారంభించారు. తెలంగాణ, మరాఠ్వాడా, కన్నడ జిల్లాల నుంచి వచ్చిన విద్యార్థులకు నగరంలో బంధువులు ఉండడం అరుదు. అందుచేత వసతిగృహం తొలినుంచీ ఈ విశ్వవిద్యాలయంలో అదనపు సౌకర్యంగా కాక, చదువుకు ముందస్తు షరతుగా ఉంది. మొదటి తరం చదువరికి హాస్టలు గది, మెస్సు కార్డు లేకపోతే డిగ్రీ లేదు. 

ఈ పరిస్థితి వల్ల వసతిగృహానికి రెండు స్వభావాలు ఏర్పడ్డాయి. విద్యార్థి దృష్టిలో అది ఇల్లు. సంస్థ దృష్టిలో అది తన ఆస్తి. నిబంధన తప్పితే ఖాళీ చేయించగల స్థలం. పోలీసు సోదాకు సంబంధించిన చట్టం ఈ వివాదంలోకి దిగదు. ఇల్లు, దుకాణం, హాస్టలు గది అన్న తేడా లేకుండా సోదాకు కారణాలు నమోదు చేయాలని, స్థానికులైన సాక్షులు ఉండాలని పాత నేర విచారణ స్మృతి నిర్దేశించింది. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత సోదాను దృశ్య, శ్రవ్య రూపాల్లో రికార్డు చేయాలన్న నియమాన్ని జోడించింది. చట్టం దృష్టిలో హాస్టలు గదికి ఇంత రక్షణ ఉంది. ఆ రక్షణ ఆచరణలో నిలవాలంటే గది తలుపు దగ్గర పోలీసుతో పాటు సంస్థ ప్రతినిధి ఒకరు ఉండాలి. ఆ ప్రతినిధి ఉన్నాడా, ఉంటే ఎవరి పక్షాన నిలిచాడు అన్నది ప్రతి తరం విద్యార్థీ గుర్తుపెట్టుకుంది.

3. 1938: ప్రార్థన గదిలో మొదలైన తగాదా

నిజాం రాజ్యంలో విద్యార్థి ఉద్యమ చరిత్ర హాస్టలు ప్రార్థన గదిలో మొదలైందనడం అతిశయోక్తి కాదు. 1938 నవంబరులో ఔరంగాబాదు ఇంటర్మీడియట్ కళాశాలలోనూ, ఆ వెంటనే ఉస్మానియాలోనూ హాస్టలు విద్యార్థులు ప్రార్థన సమయంలో వందేమాతరం పాడడాన్ని అధికారులు నిషేధించారు. విద్యార్థులు సమ్మె చేశారు. విశ్వవిద్యాలయం వారిని బహిష్కరించింది. ఉద్యమం గుల్బర్గా, మహబూబ్‌నగర్ వంటి చోట్లకు పాకింది. బహిష్కృతుల్లో అనేకులు నాగపూరు చేరారు. నాగపూరు విశ్వవిద్యాలయ ఉపకులపతి టి.జె. కేదార్ వారికి ప్రవేశం కల్పించారు. తరువాతి కాలంలో ప్రధానమంత్రి అయిన పి.వి. నరసింహారావు వారిలో ఒకరు.

ఈ ఘటనలో రెండు అంశాలు గమనించదగినవి. మొదటిది, వివాదం తరగతి గదిలో కాక నివాస స్థలంలో పుట్టింది. హాస్టలులో విద్యార్థి తన సాయంత్రాన్ని ఎలా గడపాలన్నది సంస్థ నిర్ణయించగలదా అన్నదే ప్రశ్న. రెండవది, శిక్ష బహిష్కారం రూపంలో వచ్చింది. బహిష్కారమంటే చదువుతో పాటు గూడు కూడా పోవడం. ఆ విధంగా సంస్థ తనకు తానే పోలీసు పాత్ర వహించింది. బయటి పోలీసు అవసరం లేకుండానే విశ్వాసం తెగిపోయింది.

హైదరాబాదు నగర పోలీసు వ్యవస్థకు నేటికీ ఆధారంగా ఉన్న హైదరాబాదు నగర పోలీసు చట్టం 1348 ఫసలీ నాటిది. క్రీస్తుశకంలో అది 1938–39తో సరిపోతుంది. వందేమాతర విద్యార్థులు బహిష్కృతులైన కాలమూ, నగర పోలీసు చట్టం రూపుదిద్దుకున్న కాలమూ ఒకటే కావడం యాదృచ్ఛికమే కావచ్చు. కాని నిజాం పోయి, రాష్ట్రం మారి, మళ్లీ రాష్ట్రం విడిపోయినా విద్యార్థి సభలకూ ఊరేగింపులకూ అనుమతి ఇచ్చే, నిరాకరించే అధికారం ఆ చట్టం నీడలోనే నడుస్తూ రావడం గమనార్హం.

4. 1952: కాల్పులు, ఒక న్యాయమూర్తి నివేదిక

1948 సెప్టెంబరులో హైదరాబాదు సంస్థానం భారత యూనియనులో కలిసిన సైనిక చర్యకు వాడుకలో ‘పోలీసు చర్య’ అనే పేరు స్థిరపడింది. ఆ తరువాత పరిపాలనలోకి, పోలీసు శాఖలోకి కూడా మద్రాసు తదితర ప్రాంతాల నుంచి సిబ్బంది వచ్చారు. స్థానికేతరుల నియామకాల మీద 1952 జూలైలో వరంగల్లులో ఆందోళన రాజుకుంది. ముల్కీ నిబంధనలు అమలు చేయాలంటూ విద్యార్థులు వీధుల్లోకి వచ్చారు. సెప్టెంబరు 3, 4 తేదీల్లో హైదరాబాదులో సిటీ కాలేజీ పరిసరాల్లోనూ పాతనగరంలోనూ పోలీసులు కాల్పులు జరిపారు. ప్రాణాలు పోయాయి. ముఖ్యమంత్రి బూర్గుల రామకృష్ణారావు ప్రభుత్వం హైకోర్టు న్యాయమూర్తి పింగళి జగన్మోహన్‌రెడ్డితో విచారణ జరిపించింది.

ఈ విచారణకు విశ్వాస చరిత్రలో ప్రత్యేక స్థానం ఉంది. కాల్పులు జరిగిన సంవత్సరంలోనే సాక్ష్యాలు నమోదు చేసి నివేదిక సమర్పించారు. పోలీసు అధికారి మాట, విద్యార్థి మాట ఒకే గదిలో, ఒకే న్యాయమూర్తి ముందు, ఒకే తూకంలో వినిపించాయి. నివేదికలోని నిర్ధారణలతో అందరూ ఏకీభవించారా అన్నది వేరే సంగతి. ఎవరిని ఎందుకు కాల్చారో చెప్పవలసిన బాధ్యత రాజ్యానికి ఉందన్న సూత్రం ఆ ప్రక్రియలో వ్యక్తమైంది. 

అదే జగన్మోహన్‌రెడ్డి తరువాత సుప్రీంకోర్టు న్యాయమూర్తిగా పనిచేసి, పదవీ విరమణ అనంతరం 1975 నుంచి 1977 వరకు ఉస్మానియా ఉపకులపతిగా ఉన్నారు. విద్యార్థులపై కాల్పుల్ని విచారించిన వ్యక్తి పాతికేళ్లకు ఆ విద్యార్థుల వారసులకు కులపెద్ద అయ్యారు. ఆ కాలం ఎమర్జెన్సీ కాలం కావడం వల్ల ఈ మార్పు ఫలితాన్ని స్వేచ్ఛాయుత వాతావరణంలో పరీక్షించే అవకాశం చరిత్రకు దక్కలేదు.

5. 1969–1978: గడప దాటిన హింస

1969 జనవరిలో కొత్తగూడెం, పాల్వంచల్లో ఉద్యోగ నియామకాలపై మొదలైన అసంతృప్తి కొద్ది వారాల్లో ఉస్మానియాకు చేరి ప్రత్యేక తెలంగాణ ఉద్యమంగా మారింది. ఆర్ట్స్ కళాశాల మెట్లు సభావేదిక అయ్యాయి. హాస్టళ్లు ఉద్యమ శిబిరాలయ్యాయి. కాల్పుల్లో 369 మంది మరణించారని ఉద్యమ వర్గాలు చెబుతూ వచ్చాయి. ఈ సంఖ్య నేటికీ రాజకీయ ఉపన్యాసాల్లో, స్మారక స్తూపాల దగ్గర వినబడుతూనే ఉంటుంది. 1952 తరహాలో మొత్తం ఉద్యమ కాలపు మరణాలను అందరూ అంగీకరించే విధంగా లెక్కతేల్చిన అధికారిక పత్రం ఏదీ ఈ సంఖ్యతో సమానమైన ప్రచారం పొందలేదు. విచారణ విడిచిపెట్టిన చోటును స్మృతి ఆక్రమిస్తుందనడానికి ఇది ఉదాహరణ. 1972–73 జై ఆంధ్ర ఉద్యమంలో విశాఖపట్టణం, తిరుపతి విశ్వవిద్యాలయాల విద్యార్థులు కూడా లాఠీని, తూటాను చవిచూశారు. కాబట్టి ఈ అనుభవం ఒక ప్రాంతానికే పరిమితం కాదు.

1972 ఏప్రిల్ 14న జరిగిన జార్జిరెడ్డి హత్య భిన్నమైన ప్రశ్నను లేవనెత్తింది. భౌతికశాస్త్ర పరిశోధక విద్యార్థి, వామపక్ష భావాల నాయకుడు అయిన జార్జిరెడ్డిని ఇంజనీరింగు కళాశాల హాస్టలు ఆవరణలో కత్తులతో పొడిచి చంపారు. చంపినవారు పోలీసులు కారు. కాని పోలీసులు దగ్గరలో ఉండి కూడా అడ్డుకోలేదన్నది ఆయన సహచరులు ఆనాటి నుంచి చెబుతూ వచ్చిన మాట. అంతవరకు విద్యార్థి అభియోగం పోలీసు హాస్టలులోకి వచ్చాడన్నది. ఇక్కడ అభియోగం, రావలసినప్పుడు రాలేదన్నది. అవిశ్వాసానికి ఈ రెండు ముఖాలూ ఉన్నాయి. విశ్వాసం గురించిన చర్చ చాలాసార్లు మొదటి ముఖాన్నే చూస్తుంది. దుర్బలుడైన విద్యార్థికి రెండవదే ఎక్కువ ప్రమాదకరం. జార్జిరెడ్డి సహచరులు ఆ తరువాతి సంవత్సరాల్లో ప్రగతిశీల ప్రజాస్వామిక విద్యార్థి సంఘాన్ని నిర్మించారు.

ఎమర్జెన్సీలో పరిస్థితి మరింత విషమించింది. 1975 జూలైలో మెదక్ జిల్లా గిరాయిపల్లి అడవిలో వరంగల్లు ప్రాంతీయ ఇంజనీరింగు కళాశాల విద్యార్థి సూరపనేని జనార్దన్, మరి ముగ్గురు యువకులు ‘ఎన్‌కౌంటరు’లో మరణించారని పోలీసులు ప్రకటించారు. 1977లో ఏర్పడిన విమదలాల్ కమిషను ఇటువంటి ఘటనలను విచారణకు స్వీకరించింది. 1978లో ఉస్మానియాకు సమీపంలోని నల్లకుంట పోలీసు స్టేషనులో ఒక పేద మహిళపై జరిగిన అత్యాచారం, ఆమె భర్త మృతి నగరాన్ని కుదిపేశాయి. జస్టిస్ ముక్తదర్ కమిషను పోలీసుల నేరాన్ని నిర్ధారించినా, తరువాత కర్ణాటకలో జరిగిన న్యాయ విచారణలో నిందితులు విడుదలయ్యారు. హాస్టలు విద్యార్థి తన గది నుంచి నడిచి వెళ్లగలిగేంత దూరంలో ఉన్న స్టేషను అది. పోలీసుతో సొంత అనుభవం లేని విద్యార్థికి కూడా ఆ స్టేషను పేరే ఒక పాఠం అయింది. కమిషను నివేదికకూ న్యాయస్థానం తీర్పుకూ మధ్య ఏర్పడిన దూరం, విచారణ జరిగినంత మాత్రాన విశ్వాసం పుట్టదని కూడా నేర్పింది.

6. జూబిలీహిల్స్: హాస్టలు లేని విశ్వవిద్యాలయం, హాస్టలును చూపిన సినిమా

1977 నుంచి 1982 వరకు ఉస్మానియా ఉపకులపతిగా పనిచేసిన ఆచార్య జి. రామ్‌రెడ్డి, 1982లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయానికి తొలి ఉపకులపతి అయ్యారు. 1991లో డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు పెట్టుకున్న ఆ విశ్వవిద్యాలయం ఇప్పుడు జూబిలీహిల్స్‌లో ఉంది. దాని విద్యార్థులు ఇళ్ల దగ్గరే ఉండి చదువుకుంటారు. అధ్యయన కేంద్రాలకు తరగతుల రోజుల్లో వచ్చి వెళతారు. ఉద్యోగాలు చేసుకునేవారికి, మహిళలకు, చదువు మధ్యలో ఆపినవారికి ద్వారాలు తెరవడం దాని ఉద్దేశం. ప్రాంగణ అలజడికి విరుగుడుగా దాన్ని స్థాపించారనడానికి ఆధారం లేదు. అయినా ఒకే నగరంలోని రెండు విశ్వవిద్యాలయాలను పక్కపక్కన పెట్టి చూస్తే ఒక సంగతి స్పష్టమవుతుంది: పోలీసుతో విద్యార్థి సంబంధం విద్యార్థి అయినందువల్ల కాక, ప్రాంగణంలో నివసించినందువల్ల ఏర్పడుతుంది. జూబిలీహిల్స్ విశ్వవిద్యాలయ విద్యార్థికి పోలీసు తన ఊరి పోలీసే. ఉస్మానియా హాస్టలు విద్యార్థికి పోలీసు గేటు అవతల నిలిచిన బలగం.

అదే కొండల మీద, అన్నపూర్ణ, పద్మాలయ, రామానాయుడు స్టూడియోల చుట్టూ ఎదిగిన చిత్రసీమ ఈ సంబంధానికి రూపం ఇచ్చింది. 1989లో విడుదలైన రెండు చిత్రాలు ఇందుకు నిదర్శనం. అన్నపూర్ణ స్టూడియోస్ నిర్మించగా రామ్‌గోపాల్ వర్మ దర్శకత్వం వహించిన ‘శివ’లో కళాశాల రౌడీ రాజకీయాలను ఎదిరించేది విద్యార్థి. కోడి రామకృష్ణ దర్శకత్వంలోని ‘అంకుశం’లో వ్యవస్థను ఎదిరించేది నిజాయితీపరుడైన పోలీసు ఇన్‌స్పెక్టరు. రెండు చిత్రాల్లోనూ వీరుడు ఒంటరి. సంస్థలు విఫలమయ్యాయన్న ఊహ రెండింటికీ పునాది. ప్రిన్సిపాలు, వార్డెను, ఉపకులపతి అనే మధ్యవర్తులు తెలుగు తెరపై ఎక్కువగా హాస్యపాత్రలుగానో నిస్సహాయులుగానో మిగిలారు. 2019లో జీవన్‌రెడ్డి దర్శకత్వంలో వచ్చిన ‘జార్జిరెడ్డి’ అర్ధశతాబ్దం నాటి ఉస్మానియా హాస్టలును కొత్త తరానికి పరిచయం చేసింది.

సినిమా చరిత్ర పాఠం కాదు. దాన్ని ఆ దృష్టితో తప్పుపట్టడం న్యాయం కాదు. కాని హాస్టలుకు కొత్తగా వచ్చే పల్లెటూరి విద్యార్థికి, పోలీసు శిక్షణ కళాశాలలో చేరే యువకుడికి కూడా ప్రాంగణం గురించిన తొలి చిత్రం తెర నుంచే అందుతుంది. ఇద్దరూ ఒకే సినిమా చూసి, ఒకరినొకరు ప్రతినాయకులుగా ఊహించుకుని ఎదురుపడతారు. ఈ ఊహలో లేనిది, ఇద్దరితోనూ మాట్లాడగల మూడో వ్యక్తి.

7. రక్షకుడిగా పోలీసు: ర్యాగింగు చట్టాలు, షీ టీములు

విశ్వాసాన్ని పూర్తిగా ఘర్షణ చరిత్రగా చదవడం కూడా ఏకపక్షమే అవుతుంది. హాస్టలు లోపల విద్యార్థి చేతిలో విద్యార్థి హింసకు గురైన సందర్భాల్లో పోలీసును పిలవవలసిన అవసరాన్ని సమాజమే గుర్తించింది. ఆంధ్రప్రదేశ్ ర్యాగింగు నిషేధ చట్టం 1997లో వచ్చింది. ఫిర్యాదు అందినా పట్టించుకోని సంస్థాధిపతిని నేరానికి తోడ్పడినవాడిగా పరిగణించే నిబంధన అందులో ఉంది. సుప్రీంకోర్టు ఆదేశంతో సి.బి.ఐ. మాజీ డైరెక్టరు ఆర్.కె. రాఘవన్ అధ్యక్షతన ఏర్పడిన సంఘం 2007లో నివేదిక ఇచ్చింది. 2009 నాటి యు.జి.సి. నిబంధనలు, సమాచారం అందిన 24 గంటల్లో ఎఫ్.ఐ.ఆర్. నమోదుకు సంస్థాధిపతి చర్య తీసుకోవాలని నిర్దేశించాయి. 

తెలంగాణ ఏర్పడ్డాక 2014 అక్టోబరులో హైదరాబాదులో షీ టీములు మొదలయ్యాయి. మఫ్టీలో తిరిగే ఈ బృందాలు ఈవ్‌టీజింగు ఫిర్యాదులను స్వీకరిస్తాయి. మహిళా హాస్టలు విద్యార్థినికి పోలీసుతో తొలి పరిచయం లాఠీ ద్వారా కాక, ఫిర్యాదు ద్వారా ఏర్పడే అవకాశం ఇక్కడ ఉంది. బస్టాపులో వేధింపు ఎదురైన విద్యార్థిని కోరేది పోలీసు రాకూడదని కాదు, పిలిస్తే రావాలని. 1972 నాటి రెండవ అభియోగానికి ఇది ఆలస్యంగా వచ్చిన జవాబు.

2015 ఏప్రిల్‌లో యు.జి.సి. విద్యార్థుల భద్రతపై మార్గదర్శకాలు విడుదల చేసింది. ప్రహరీలు, హాస్టళ్లలో వేలిముద్రల హాజరు, వీలైతే ప్రాంగణంలోనే పోలీసు స్టేషను వంటి సూచనలు అందులో ఉన్నాయి. భద్రతకూ నిఘాకూ మధ్య గీత ఎక్కడన్న ప్రశ్న ఇక్కడే తలెత్తింది. ర్యాగింగు నిబంధనల్లో పోలీసును పిలిచేది బాధితుడు, అతని తరఫున సంస్థ. ప్రాంగణ స్టేషను ఆలోచనలో పోలీసు పిలవకుండానే అక్కడ ఉంటాడు. మొదటిదానిలో విశ్వాసానికి చోటు ఉంది. రెండవదానికి విశ్వాసం ముందే ఉండాలి.

8. 2009–2025: గేటు, మెస్సు, న్యాయస్థానం

2009 నవంబరు 29న కె. చంద్రశేఖరరావు నిరాహారదీక్షకు బయలుదేరి అరెస్టయిన తరువాత ఉస్మానియా మళ్లీ ఉద్యమ కేంద్రమైంది. ఎన్.సి.సి. గేటు దగ్గర ముళ్లకంచె, బారికేడ్లు, భాష్పవాయువు నిత్యకృత్యమయ్యాయి. హాస్టళ్ల దాకా లాఠీచార్జి జరిగిందని విద్యార్థులు ఆరోపించారు. రాళ్లు రువ్వారని పోలీసులు చెప్పారు. 2010 ఫిబ్రవరిలో హైకోర్టు న్యాయమూర్తి జస్టిస్ ఎల్. నరసింహారెడ్డి ప్రాంగణం నుంచి పారామిలటరీ బలగాలను ఉపసంహరించాలని ఆదేశించారు. ప్రాంగణంలో బలగాలు ఉండాలా వద్దా అన్న నిర్ణయం ఉపకులపతి గది నుంచి న్యాయస్థానానికి చేరడం ఈ దశ ప్రత్యేకత. విశ్వవిద్యాలయం చేయవలసిన మధ్యవర్తిత్వాన్ని కోర్టు చేయవలసివచ్చింది.

హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయంలో హాస్టలు మరింత నేరుగా వివాద వస్తువైంది. 2015 డిసెంబరులో అయిదుగురు దళిత పరిశోధక విద్యార్థులను హాస్టళ్ల నుంచి వెలివేశారు. వారు ఆరుబయట గుడారం వేసుకుని దానికి ‘వెలివాడ’ అని పేరు పెట్టారు. వారిలో ఒకరైన రోహిత్ వేముల 2016 జనవరి 17న మరణించారు. మార్చి 22న ఉపకులపతి తిరిగి విధుల్లో చేరిన సందర్భంలో ఆయన నివాసంపై దాడి జరిగింది; పోలీసులు లాఠీచార్జి చేసి పాతికమందికి పైగా విద్యార్థులను, అధ్యాపకులను అరెస్టు చేశారు. వారు దాదాపు వారం తరువాత బెయిలుపై విడుదలయ్యారు. ఆ రోజుల్లో హాస్టళ్ల మెస్సులు మూతపడ్డాయి. విద్యార్థి జ్ఞాపకంలో లాఠీతో సమానంగా నిలిచింది ఆ మూసిన మెస్సు. అన్నం పెట్టే సంస్థ అన్నం ఆపిన రోజున, బయట నిలిచిన పోలీసుకూ లోపల ఉన్న యంత్రాంగానికీ తేడా చెరిగిపోయింది.

2025లో రెండు ఘటనలు ఈ చర్చను మళ్లీ తెరిచాయి. మార్చిలో ఉస్మానియా యంత్రాంగం విభాగాల్లో, పరిపాలనా భవనాల్లో నిరసనలను, నినాదాలను నిషేధిస్తూ ఉత్తర్వు జారీ చేసింది. అదే నెల చివరలో కంచ గచ్చిబౌలిలోని 400 ఎకరాల భూమి చదునును అడ్డుకున్న కేంద్రీయ విశ్వవిద్యాలయ విద్యార్థులను పోలీసులు అదుపులోకి తీసుకున్నారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పనులను నిలిపివేసింది. విద్యార్థులపై కేసుల ఉపసంహరణకు ప్రభుత్వం ఆదేశించింది. ముందు అరెస్టు, తరువాత ఉపసంహరణ అన్న ఈ క్రమం సద్భావాన్ని సూచించవచ్చు. కాని కేసు పెట్టడం సరైందా కాదా అన్న విచారణ లేకుండా కేసు ఎత్తివేస్తే, అది న్యాయంగా కాక దయగా మిగులుతుంది. దయమీద ఆధారపడిన విశ్వాసం మరో ప్రభుత్వం దాకా నిలవదు.

9. పోలిక: ఇతర దేశాల అనుభవం

అమెరికాలో ప్రాంగణ పోలీసుకు ఆద్యం 1894లో యేల్ విశ్వవిద్యాలయంలో కనబడుతుంది. పట్టణవాసులకూ విద్యార్థులకూ తరచు జరిగే కొట్లాటల నేపథ్యంలో న్యూహేవెన్ నగర పోలీసు శాఖకు చెందిన ఇద్దరిని విశ్వవిద్యాలయం తన ప్రాంగణానికి తీసుకుంది. వారు క్రమంగా విద్యార్థులకు పరిచయస్థులై, కాపలాదారులుగా ఆదరణ పొందారు. దీనికి భిన్నంగా 1970 మే 4న కెంట్ స్టేట్‌లో విద్యార్థులపై కాల్పులు జరిపినది బయటి నుంచి వచ్చిన నేషనల్ గార్డు, నలుగురు మరణించారు. గ్రీసులో 1973 నవంబరులో ఏథెన్సు పాలిటెక్నిక్ గేటును సైనిక నియంతృత్వపు ట్యాంకు కూల్చింది. ఆ స్మృతితో 1982లో విశ్వవిద్యాలయ ఆవరణకు చట్టబద్ధమైన అభయస్థల హోదా ఇచ్చారు. ఆవరణలో నేరాలు పెరిగాయన్న వాదనతో 2019లో దాన్ని రద్దు చేశారు.

యేల్ అనుభవం పరిచయం వల్ల విశ్వాసం పుడుతుందని, గ్రీసు అనుభవం పూర్తి నిషేధం శాశ్వత పరిష్కారం కాదని సూచిస్తాయి. అయితే యేల్ నమూనాను యథాతథంగా తెచ్చుకోవడం ఇక్కడ సాధ్యం కాదు. అక్కడి పోలీసు విశ్వవిద్యాలయానికి జవాబుదారీ. ఇక్కడ ఆ జవాబుదారీతనం లేకుండా పోలీసు ఉనికిని మాత్రమే ప్రాంగణంలోకి తెస్తే, ఖాళీ పూడదు. గేటు మాత్రం తొలగుతుంది.

10. ముగింపు

ఎనభై ఏడేళ్ల ఈ చరిత్ర నుంచి మూడు నిర్ధారణలు తీయవచ్చు. ఒకటి, విద్యార్థి అవిశ్వాసం పోలీసు రాక మీద, రాకపోవడం మీద సమానంగా ఏర్పడింది. 1952 మొదటిదానికి, 1972 రెండవదానికి గుర్తులు. కాబట్టి ‘పోలీసు వద్దు’, ‘పోలీసు కావాలి’ అన్న రెండు నినాదాలూ సమస్యను సగమే చెబుతాయి. రెండు, సంస్థ హాస్టలును శిక్షాసాధనంగా వాడిన 1938, 2015, 2016 సందర్భాల్లో పోలీసు ప్రమేయం ఉన్నా లేకున్నా విశ్వాసం కూలింది. గూడు, కూడు శిక్షలో భాగం కాకూడదన్న నియమాన్ని విశ్వవిద్యాలయాలు రాతపూర్వకంగా స్వీకరించడం అవసరం. మూడు, ఘటన తరువాత జరిగే బహిరంగ విచారణ, దాని ఫలితం అమలు కావడం – ఈ రెండూ కలిసినప్పుడే విశ్వాసానికి పునాది పడుతుంది. 1952 నివేదిక మొదటి సగానికి, 1978 కేసు రెండవ సగం లోపానికి ఉదాహరణలు.

ఆచరణలో ఇది చిన్న పనులతో మొదలు కావచ్చు. హాస్టలు గది సోదాలో వార్డెను తప్పనిసరిగా ఉండి సంతకం చేయడం, పోలీసును ఎవరు, ఏ కారణంతో పిలిచారో మరునాడే నోటీసు బోర్డు మీద పెట్టడం, హాస్టలు ప్రతినిధులతో స్టేషను అధికారి ఉద్యమాలు లేని రోజుల్లో కూడా కలవడం – వీటికి కొత్త చట్టం అక్కరలేదు. వార్డెనుగిరీని అధ్యాపకుడికి అదనపు భారంగా కాక గుర్తింపు ఉన్న బాధ్యతగా చూడవలసి ఉంటుంది. ఉద్యమం మొదలైన రోజున విశ్వాసం కోసం వెతికితే అది దొరకదు. ప్రశాంతమైన సెమిస్టరులో, గేటు తెరిచి ఉన్న రోజుల్లో, గడపకు రెండు వైపులా ఉన్నవారికి తెలిసిన ముఖం ఒకటి ఉండాలి. ఆ ముఖం విశ్వవిద్యాలయానిది కావాలి.